పొద్దు తిరిగే రోజు

“ఈ రోజు కాదు మామా. ఇంకా మూడు రోజులుంది,” అన్నాడు మోరితారో గడప బయటే నిలబడి.

జిన్సుకే తలెత్తలేదు. చేప ముక్కలు కోస్తూనే ఉన్నాడు. పొయ్యి మీద తెల్లన్నం ఉడుకుతోంది. ఏడాదంతా చిలగడదుంపలతో కడుపు నింపుకునే ఇవాసే రేవులో తెల్లన్నం వండేది ఈ ఒక్కరోజే, ప్రభువు పుట్టినరోజున. పదకొండిళ్ల వాళ్లూ అప్పటికే వచ్చి చాపల మీద సర్దుకుని కూర్చున్నారు.

మోరితారో పరాయివాడు కాదు, పక్క రేవువాడే. నాగసాకిలో పాదిరిగారి దగ్గర చదువుకుని ఉపదేశిగా తిరిగొచ్చాడు. ప్రభువును కొలవడం మీద నిషేధం ఎత్తేసి పన్నెండేళ్లయింది, ఇంకా ఈ దాగుడుమూతలు దేనికని ఊరూరా తిరిగి చెబుతున్నాడు. చుట్టుపక్కల రేవులన్నీ పాదిరిగారి గుడికి వెళ్లిపోయాయి. ఇవాసే ఒక్కటే మిగిలింది.

సంచిలోంచి అచ్చువేసిన పంచాంగం తీసి, గడప దాటకుండానే వంగి చాప మీద పరిచాడు. డిసెంబరు ఇరవై ఐదు దగ్గర ఎర్ర సిరా గుర్తుంది. ఇవాళ పొద్దు తిరిగే రోజు, పగళ్లు మళ్లీ పెరగడం మొదలయ్యే రోజు, బుద్ధుణ్ణి కొలిచేవాళ్లు గుమ్మడికాయ వండుకునే రోజు, దీనికీ ప్రభువుకూ సంబంధం లేదు అని మెల్లగానే చెప్పాడు. ఇరవై ఐదున అందరూ పడవెక్కి గుడికి రావాలన్నాడు. ఈ తప్పుడు రోజు మానుకుంటేనే పిల్లలకు జ్ఞానస్నానం ఇస్తానని పాదిరిగారు అన్నారట. ఆ మాటకు జిన్సుకే కూతురు చంటిదాన్ని ఒళ్లోకి లాక్కుని తండ్రి వైపు చూసింది.

జిన్సుకే కత్తి కింద పెట్టాడు.

“మా నాన్న ఎవరో తెలుసుగా నీకు?”

తెలియనివాళ్లెవరు? పండగ రోజుల లెక్క చూసే పెద్ద గెన్జో. రెండొందల యాభై ఏళ్లు తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారిన లెక్క అది. పదిహేడేళ్ల కిందట, నిషేధం ఉన్నప్పుడు, సిపాయిలు పట్టుకోవడానికి వస్తే లెక్క కాగితం పొయ్యిలో వేసేశాడు. తండ్రీకొడుకులతో సహా రెండొందల మందిని ఒక్క గదిలో కుక్కారు. కూర్చోవడానికి కూడా చోటు లేదు. నాలుగో నెలలో గెన్జో కొడుకు భుజం మీద తల వాల్చి, నిలబడినచోటే ప్రాణం వదిలాడు. చెర విడిచాక ఆ చలికాలం ఊరంతా వచ్చి పండగెప్పుడని అడిగింది. జిన్సుకే ఒక రోజు గడువడిగి, మర్నాడు పొద్దున్నే చెప్పాడు. ఆనాటి నుంచి ఇవాసేలో అదే రోజు.

“చచ్చినా నోరు విప్పని మనిషి మా నాన్న. చెరలో గోళ్లు ఊడదీసినా ఒక్క ముక్క చెప్పలేదు. సిపాయిలకు లొంగని ఊరు నీ కాగితానికి లొంగుతుందా?”

“లొంగమనడం లేదు మామా. సరిచేసుకోమంటున్నా.”

“సరైనదని నీకెవరు చెప్పారు? ఇరవై ఐదని గ్రంథంలో ఉందా?”

మోరితారో అబద్ధం చెప్పడం చేతకాని కుర్రాడు. తనూ పాదిరిగారిని ఇదే అడిగానని ఒప్పుకున్నాడు. గ్రంథంలో నెలా లేదు, తేదీ లేదు. ప్రభువు పోయిన మూడొందల ఏళ్లకు రోమా పట్నంలో పెద్దలు ఆ రోజు ఖాయం చేశారు. అప్పటికే అక్కడి జనం ఆ రోజున, పొద్దు తిరిగిందని సూర్యుడికి పండగ చేసుకునేవాళ్లని అంటారు.

చాపల మీద నవ్వులు లేచాయి.

“అయితే వాళ్లదీ గుమ్మడికాయల పండగేనన్నమాట,” అంది ముసలి మత్సు. “మమ్మల్ని అనడానికి ఇంత దూరం వచ్చావా నాయనా?”

జిన్సుకే నవ్వలేదు. మోకాళ్ల మీద ముందుకు జరిగి మోరితారోకు ఎదురుగా కూర్చున్నాడు.

“ఆ రోజు ఎంచిన మనిషి పేరేంటి?”

“ఎవరికీ తెలీదు.”

“నేనే ఎంచానని తనవాళ్లకు చెప్పుకున్నాడా?”

మళ్లీ నవ్వారు. మోరితారో చెవులు ఎర్రబడ్డాయి. “తెలీదు మామా.”

“దేవుడేమీ అనలేదా?”

మత్సు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. జిన్సుకే మాత్రం కుర్రాడి మొహం మీంచి చూపు తిప్పలేదు.

“అన్నట్టు ఎక్కడా లేదు. పదిహేనొందల ఏళ్లుగా ఆ రోజు చేసే ప్రార్థనలు వింటూనే ఉన్నాడు.”

జిన్సుకే లేచాడు. కుండ దించి, మొదటి గిన్నెడు అన్నం తెచ్చి మోరితారో చేతిలో పెట్టాడు.

“తిను. మూడో రోజున ఊరంతా పడవెక్కి వస్తాం. చంటిదానికి జ్ఞానస్నానం చేయించండి. కానీ ఈ రోజు వదలం. వదలమంటే పాదిరిగారినే ఇక్కడికొచ్చి నా మొహం మీద చెప్పమను. ఆయనకూ అన్నం పెడతాను.”

“ఆయన ఒప్పుకోరు మామా.”

“ఒప్పుకోనివాళ్లను చాలామందిని చూశాం.”

మోరితారో గిన్నె వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, మత్సు పక్కన కూర్చుని తిన్నాడు. అందరూ కలిసి పాత ప్రార్థన చెప్పుకున్నారు. సగం మాటలకు అర్థం అతనికీ తెలియదు, వాళ్లకూ తెలియదు.

అందరూ వెళ్లాక జిన్సుకే కొట్టంలో ఆవుకు ఉడికిన బార్లీ పెడుతుంటే భార్య సుయే వచ్చి పక్కన నిలబడింది. అతని చెంపలు తడిగా ఉన్నాయి. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

“మామగారు చూసుంటే ఎంత పొంగిపోయేవారో. ఆయన చెప్పిన లెక్క నిలబెట్టావు.”

జిన్సుకే మిగిలిన బార్లీ తొట్టిలో ఒంపాడు.

నాన్న ఏ లెక్కా చెప్పకుండానే పోయాడు.