మలుపు దగ్గరే వినపడాలి

"అది వద్దు బాబాయ్ గారూ. ఆ పక్కనున్న పల్చటిదే పొయ్యండి."

మెకానిక్ చేతిలోని డబ్బా గాలిలోనే ఆగిపోయింది. తన షెడ్డుకొచ్చి ఏ ఆయిల్ పోశావని అడిగినవాళ్లే అరుదు. ఏది పొయ్యాలో చెప్పిన మనిషి ఈమే మొదలు. భర్త బండిని ఎండలో తోసుకుంటూ తెచ్చింది. ఊపిరి ఇంకా కుదుటపడలేదు.

"పాత ఇంజనమ్మా ఇది. లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యన ఆయిల్ పొర నిలబడాలి. ఆ పల్చటిది ఇంజన్ వేడెక్కిందంటే నీళ్లయిపోతుంది. అందుకే ఈ చిక్కటి ట్వెంటీ ఫిఫ్టీ ఆయిల్ పోస్తానంటున్నాను."

"చిక్కటిది పోస్తే చప్పుడు తగ్గిపోతుంది కదండీ?"

"తగ్గాలనేగా తెచ్చావు! ఆ టకటకలు పోవాలని మీ ఆయన పొద్దున ఫోన్ చేసి మరీ చెప్పాడు."

"ఆయన అలాగే అంటారు." ఆమె గొంతు తగ్గింది. "మీరు మాత్రం చప్పుడు ఉండనివ్వండి. ఇక ఈ బండికి అది పోదని ఆయనతో చెప్పెయ్యండి."

మెకానిక్ కింద పళ్లెంలోకి జారిన పాత ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. జిగురన్నదే లేదు.

"ఇదెవరు పోశారమ్మా? ఇంజన్ మీద పగబట్టినట్టుంది."

"నేనే పోయించాను. వేరే షాపులో."

అంతలో రోడ్డు మీద ఏదో బండి వచ్చింది. ఆమె మాట మధ్యలోనే తెగింది. మెడ అటు తిరిగింది. ఆ శబ్దం దగ్గరై, షెడ్డును దాటి, పూర్తిగా అణగిపోయేదాకా కదల్లేదు. అప్పటికి గాని భుజాలు కిందికి దిగలేదు.

"ఎవరి కోసం తల్లీ? మీ ఆయన బండి నా ముందే నట్లూడి పడుంది కదా!"

"అవునండీ." ఆమె సిగ్గుపడింది. "అయినా చెవులు ఊరుకోవు. ఆయన మా వీధి మలుపు తిరుగుతుండగానే నాకు వినపడాలి. ఇంకేమీ అడగను మిమ్మల్ని."

"ఓయబ్బో! మొగుడి మీద అంత బెంగా? నిమిషం ఆలస్యంగా తెలిస్తే కొంపలంటుకుంటాయా ఏం?"

ఆమె నవ్వలేదు. "ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అన్నీ సర్దుకుని ఉండాలి బాబాయ్ గారూ," అని మాత్రం అంది.

మెకానిక్ మనసు మెత్తబడింది. కాలం చేసిన తన ఇల్లాలు కూడా అంతే. తన బండి చప్పుడు ఆనవాలు పట్టి, తలుపు తట్టకముందే తీసి నిలబడేది. "సరే, పల్చటిదే పోస్తాలే. నిశ్చింతగా వెళ్లిరా," అన్నాడు.

ఆమె వెళ్లాక రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని ఆలోచించాడు. పల్చటి ఆయిల్ పోస్తే పొర చిట్లుతుంది. పొర చిట్లితే పిస్టన్ పట్టేస్తుంది. మంచి వేగంలో అది పట్టేసిందా, వెనకచక్రం బిగుసుకుని మనిషిని రోడ్డు మీదికి విసిరికొడుతుంది. చప్పుడు మీది మమకారం చివరికి ఆ పిల్ల మొగుడినే మింగుతుంది. అన్నీ తెలిసిన తను చూస్తూ ఊరుకోవడమా?

చిక్కటిదే పోశాడు. ఆ టకటకలకు మూలమైన టాపెట్లు కూడా సరిచేశాడు. మాట తప్పానన్న బాధ కలగలేదు సరికదా, పుట్టింటివాడిలా ఆమెకో మేలు చేశానన్న తృప్తి కలిగింది.

సాయంత్రం షెడ్డు మూసే వేళకి ఆమె భర్త రాలేదు, అతని ఫోన్ వచ్చింది.

"నాకు ఆలస్యమయ్యేట్టుంది. బండి మీరే మా ఇంటి దగ్గర పెట్టేసి వెళ్లండి. చప్పుడు పోయిందా?"

"పిల్లి నడిచినట్టుంది సార్. వెనకే వచ్చి నిలబడినా తెలియదు."

"అదే కావలసింది నాకు." అవతలి మనిషి నవ్వాడు. ఆ నవ్వులో మెకానిక్ తన పనితనానికి మెప్పును మాత్రమే విన్నాడు.

హ్యాండిల్‌కి వేలాడుతున్న ఆయన హెల్మెట్టే తలకు తగిలించుకుని బయలుదేరాడు. మసక చీకటి పడుతోంది. మలుపు దగ్గర దారికడ్డంగా పడుకున్న కుక్క, బండి పక్కనుంచి పోతున్నా చెవి కూడా కదపలేదు. మెకానిక్ మురిసిపోయాడు.

ఆ ఇంటి తలుపు చేరవేసి ఉంది. లోపలి నుంచి కిలకిల నవ్వులు వినిపిస్తున్నాయి. పగలు షెడ్డులో పెదవి విప్పి నవ్వని మనిషేనా ఈమె? తట్టబోతే, తలుపు దానంతటదే తెరుచుకుంది. గది నిండా ఆటబొమ్మలు. మంచం మీది దుప్పటి కుర్చీలకు కట్టి గుడారం చేశారు. ఆమె కూతురు కాబోలు, ఓ చిన్నపిల్ల తల్లి చెప్పులు వేసుకుని, తల్లి నడకను అనుకరిస్తోంది. తల్లి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

గుమ్మంలో హెల్మెట్ నీడ పడింది.

నవ్వు కత్తిరించినట్టు ఆగిపోయింది. తల్లి ఒక్క చేత్తో పిల్లను వెనక్కి లాగేసుకుంది; రెండో చెయ్యి దానంతటదే లేచి ఆమె ముఖానికి అడ్డం వచ్చింది. మెకానిక్ హెల్మెట్ తియ్యబోయాడు. వేళ్లకు దాని పట్టీ దొరకలేదు.

తల్లి వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది:

"ఒట్టు అమ్మా, నేను వింటూనే ఉన్నాను... నాన్న బండి చప్పుడు రాలేదమ్మా!"