ఉడతల తుపాకీ

“బల్ల మీద పెట్టవయ్యా! చంటిపిల్లలా అలా హత్తుకుంటావేం?” అన్నాడు తుపాకులు బాగుచేసే ముసలి ఆర్విల్.

లైల్ పెట్టాడు. చేతులు వణుకుతున్నాయని గబుక్కున జేబుల్లో దోపుకున్నాడు. నలభై మూడేళ్ళ మగవాడు తుపాకీ చూసి వణికాడంటే వెస్ట్ వర్జీనియా కొండల్లో వారం రోజులు నవ్వుకోవడానికి సరిపోతుంది.

కింద మీట లాగి తూటా ఎక్కించే పాత చిన్న తుపాకీ అది. చెక్క పిడి చీలిపోయింది, మీట తుప్పుపట్టి బిగిసిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళు కొట్టంలో మేకుకు వేలాడింది మరి.

“ఈ రకం తయారీ ఎప్పుడో ఆపేశారు కదా మామా! ముక్కలేం దొరుకుతాయిలే?” అన్నాడు లైల్ ఆశగా.

“దొరకవని ఆశపడేవాణ్ణి నిన్నే చూస్తున్నా.” ముసలాయన కాఫీ డబ్బాలు ఒక్కొక్కటే కుమ్మరించాడు. “ఇదిగో, మీట మరమేకు. ఇదిగో, స్ప్రింగు. చెక్క పిడి అటక మీదుంది.”

ఒక్కో ముక్క దొరికినప్పుడల్లా లైల్ గుండె ఒక మెట్టు కిందికి జారింది. తుపాకీ బాగైతే కోరాకు చెప్పాలి. పదకొండేళ్ళ కూతురు కొట్టంలో దీన్ని చూసి, తుప్పు రుద్ది, “ఈసారి ఉడతల వేటకు ఇదే కావాలి నాన్నా, తాతయ్యది కదా” అంది. ఆ తాతయ్య ఇదే తుపాకీ దెబ్బకు పోయాడనీ, పేల్చింది మీ నాన్నేననీ చెబితే, ఆ పిల్ల మళ్ళీ తన పక్కన కూర్చుని అన్నం తింటుందా?

“పాడైపోయిందని చెప్పెయ్యరా, పోతుంది. పుండు ఎందుకు కెలుక్కోవడం?” అన్నాడు దారిపొడుగునా డెల్మర్ బాబాయి. నీ చేతులు ఇలా ఉంటే బండి నేనే నడుపుతానని వెంట వచ్చాడు. ఇప్పుడు బయట బండిలో కూర్చున్నాడు.

“ఇందులో ఏమన్నా ఉందా?” ఆర్విల్ గొట్టాన్ని ఇసుక బకెట్టు వైపు తిప్పాడు.

“పేలిన ఖాళీ తొడుగు ఉంటుందేమో. నాన్న నాకు ఒక్క తూటాయే ఇచ్చాడు. తగిలితే కూర, తగలకపోతే ఇంటికి అన్నాడు.”

“అప్పుడు నీకెన్నేళ్ళు?”

“తొమ్మిది. అదే మొదటిసారి.”

ముసలాయనకు సంగతి తెలుసు. ఆ లోయలో తెలియనిదెవరికి? నాన్న గోతాం సంచి మాత్రమే పట్టుకుని ముందు నడుస్తున్నాడు. కొమ్మ మీద ఉడత కదిలింది. తను గురి చూసి ట్రిగ్గర్ నొక్కాడు. ఢామ్మంది. నాన్న ముందుకు పడ్డాడు. వాగు అవతల తన ఉడతల తుపాకీతో వేటాడుతున్న బాబాయి పరుగెత్తుకొచ్చి, “పిల్లాడురా, తెలిసి చేశాడా!” అని అందరికంటే ముందు ఏడ్చాడు. జిల్లా పోలీసు పెద్ద షెరీఫ్ వచ్చాడు. చిన్న తూటా, చిన్న తుపాకీ, చిన్న కుర్రాడు. లెక్క సరిపోయిందనుకుని కాఫీ తాగి పోయాడు. తుపాకీ తెరిచి చూసిన నాథుడు లేడు. ఆనాటి నుంచి బాబాయి తండ్రిలేని లోటు తెలియనివ్వలేదు. నీ తప్పేం లేదురా అని ఎన్ని వందలసార్లు చెప్పాడో!

ఆర్విల్ నూనె పోసి, చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. మీట కిర్రుమంటూ దిగింది. లోపల్నుంచి ఒకటి ఎగిరి బల్ల మీద పడింది.

లైల్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

ఖాళీ తొడుగు కాదు. ముక్కుతో సహా నిండు తూటా.

“ఒక్కటే ఇచ్చాడన్నావు?”

“ఒక్కటే.”

ఆర్విల్ భూతద్దం తీసి తూటా అంచు చుట్టూ తిప్పి చూశాడు. ఈ రకం తూటాకు దెబ్బ అంచు మీదే పడాలి. తర్వాత తుపాకీ లోపలికి చూశాడు. భూతద్దం పక్కన పెట్టేశాడు.

“ఏమైంది మామా? భయమేస్తోంది, చెప్పు.”

“అంచు మీద గీత కూడా లేదు. తూటాను కొట్టే పిన్నే లేదు ఇందులో. విరగలేదు, తుప్పూ తినలేదు. ఎవరో పద్ధతిగా ఊడదీశారు.”

“ఎవరు?”

“మీ నాన్నే అయ్యుంటాడు. మా పిల్లలిద్దరికీ నేనూ అలాగే ఇచ్చాను. మొదటి ఏడాది పిల్లలు ఊరికే మొయ్యాలి. గొట్టం మనిషి వైపు తిప్పకుండా ఏడాది గడిపితే, అప్పుడు పిన్ను పెడతాం. పిల్లలకు చెప్పం, చెబితే ఆటబొమ్మ చేసేస్తారు. పక్కవాళ్ళకూ చెప్పం.” ముసలాయన గొంతు తగ్గించాడు. “ఇది పేలలేదు నాయనా. పేలే వీలే లేదు.”

“నేను విన్నాను మామా! నొక్కాను, ఢామ్మంది!”

“విన్నావు. పేలింది ఇది కాదు.”

లైల్ కుర్చీలో కూలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా గుండెల మీద కూర్చున్న రాయి లేచింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కోరాకు ఏం చెప్పినా పరవాలేదు ఇక. బాబాయికి చెప్పాలి, ముందు ఆయనకే చెప్పాలి అని లేచాడు.

ఆర్విల్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. కిటికీలోంచి బయటి బండి వైపు చూశాడు.

బయట బండి తలుపు చప్పుడైంది. గులకరాళ్ళ మీద బూట్లు నడిచి వస్తున్నాయి.

“ఏరా అబ్బాయ్! బాగవ్వదన్నాడా లేదా?”

లైల్ తలుపు వైపు తిరిగాడు. బల్ల మీది తూటాను గుప్పిట్లో దాచాడు.

ఆ రోజు అడవిలో పేలే తుపాకీ ఒక్కటే, అది డెల్మర్ బాబాయిది.