రెండున్నర దాటాక

ఎంత పడుకున్నా ఒళ్లు హూనమై లేస్తున్నానని చెబితే, రాత్రంతా వీడియో తీసి తెమ్మన్నాడు డాక్టర్. నేనా ఒంటరివాణ్ణి, గురక పెడుతున్నానో లేదో చెప్పే దిక్కు లేదు. మంచం పక్కన టాబ్లెట్ పెట్టుకునేవాణ్ణి. పాత మెమరీ కార్డు రోజూ రెండున్నరకల్లా నిండిపోయి రికార్డింగ్ ఆగిపోయేది.

"తెల్లారేదాకా కావాలయ్యా, పెద్ద కార్డు వేసుకో" అని డాక్టర్ విసుక్కున్నాడు.

నిన్న అయిదు వందల పన్నెండు జీబీది కొన్నాను. "ఇందులో వారమంతా పడుకోవచ్చు సార్" అని నవ్వాడు షాపతను.

ఇవాళ చీకటి పడ్డాక, లైటైనా వెయ్యకుండా అదే మంచం మీద కూర్చుని నిన్న రాత్రి రికార్డయింది చూస్తున్నాను. తెరంతా నలుపే. నా గురక మాత్రం రంపం కోతలా సాగుతోంది. నాకే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ నేను విన్నది రెండున్నర దాకానే.

సరిగ్గా రెండున్నర దాటగానే గురక ఆగింది. గోడవైపు నుంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"కార్డు నిండిపోయుంటుంది. ఇక లే, పోదాం."

మంచం కిర్రుమంది. తర్వాత జవాబు వినిపించింది.

"ఆగు. ఈసారి వాడు పెద్ద కార్డు వేశాడు."

ఆ గొంతు నాది.