మెలకువ

"కడుపు కోస్తుంటే నాకు తెలుస్తూనే ఉంది డాక్టరుగారూ," అంది ఆమె. ఆపరేషనై రెండో రోజు.

"ఊరుకోవే, ప్రాణం నిలబెట్టినాయన్ని పట్టుకుని!" కసిరాడు భర్త.

మత్తు డాక్టరు నవ్వాడు. "కలమ్మా అది. మెలకువే వస్తే కాలో చెయ్యో కదిపేవారు కదా?"

"అరవబోతే నోరు పెగల్లేదు. చిటికెనవేలు కూడా కదల్లేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"కండరాలు సడలడానికి ఒక మందిస్తాం," అన్నాడు నెమ్మదిగా. "నరం కండరాన్ని కలిసేచోట అది అడ్డం కూర్చుంటుంది. మెదడు కదలమన్నా ఆ మాట కండరానికి అందదు. కానీ అది నిద్రపుచ్చదు. నిద్రకు వేరే మందు. అదే తక్కువైందేమో..."

"కన్నీళ్లకు కూడా అడ్డు పడుతుందా?"

"లేదమ్మా. వాటిని ఆపదు."

"ఆపలేదు. 'సార్, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి' అంది నర్సు. 'తుడిచి రెప్పలకు టేపెయ్యి' అన్నారు మీరు."

భర్త లేచి, డాక్టరుకూ తలుపుకూ మధ్య నిలబడ్డాడు.

"మీరు ఏడుస్తున్నారని అనుకోలేదమ్మా," అన్నాడు డాక్టరు తల దించుకుని.

"మరి ఆ నీళ్లు ఎందుకొచ్చాయనుకున్నారు?"