కుడిపక్క అలవాటు

పంజగుట్ట దిగుడులో వకీలు సాబు కారు ఒక ఎడ్లబండిని గుద్దిందన్న కబురు అమీర్‌పేటకు చేరేసరికి దేవమణి బియ్యం ఏరుతూ ఉంది. చాట అక్కడే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఆ కారు నడిపేది ఆమె భర్త జీవానందం.

ఆమె వెళ్లేటప్పటికి బండి తోలే సాయిలును ఆస్పత్రికి మోసుకుపోయారు. బండి చక్రం విరిగి పక్కన పడి ఉంది. కారు రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్ల దారిలో అడ్డంగా నిలిచి ఉంది. జీవానందం బండరాయి మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

నీ పక్క విడిచి అటెందుకు పోయావని పోలీసు అమీన్ మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. జీవానందం నోరు విప్పడం లేదు.

జవాబు దేవమణికే తట్టింది.

అతను యుద్ధం నుంచి తిరిగొచ్చి రెండు నెలలు. నాలుగేళ్లు ఫౌజులో, మోటారు కంపెనీలో ఉన్నాడు. ఇటలీ దేశం నుంచి రాసిన ఉత్తరంలో అక్కడ బండ్లన్నీ మనలా ఎడమపక్కన కాక కుడిపక్కన పోతాయనీ, తమ లారీలూ అలాగే పోవాలనీ, మొదట్లో ప్రాణం గుబులైనా ఇప్పుడు అలవాటైందనీ ఉంది. ముద్ర వేసిన అతని ఫౌజు కాగితాన్ని వకీలు సాబుకు చూపించి డ్రైవరు పని అడిగింది కూడా ఆమే. మోటారు కంపెనీ అన్న మాట చదివి, ఆయన ఇంకో ప్రశ్న వేయకుండా తాళం ఇచ్చేశాడు. లైసెన్సు కూడా ఆ కాగితం మీదే వచ్చింది. ఇదంతా జరిగి ఇంకా నెల తిరగలేదు.

"జర ఇనుండ్రి సాబ్," అంది దేవమణి రొప్పుతూ. "ఫౌజుల నాలుగేండ్లు పరాయి దేశాలల్ల కుడిపక్కకే పోయిండు. అక్కడ గదే కానూను. అలవాటు మీద చెయ్యి అటే తిప్పింది."

అమీన్ జీవానందం వైపు తిరిగాడు. అతను ఔననలేదు, కాదనలేదు. తల వంచుకున్నాడు.

ఆస్పత్రిలో సాయిలు కాలు మోకాలి కిందికి తీసేశారు. కేసు అదాలతుకు ఎక్కింది. దెబ్బ తిన్నవాడు గట్టిగా చెబితే జైలు తప్పదని వకీలు సాబు అన్నాడు. మరునాడే దేవమణి సాయిలు ఉండే బోరబండకు నడిచిపోయింది.

సాయిలు పెండ్లాం వజ్రమ్మ ఆమెను కూర్చోమని కూడా అనలేదు. దేవమణి గుడిసె ముందర మట్టిలో వేలితో రోడ్డు గీసింది. ఇది మన దేశం, ఇది వాళ్ల దేశం అని రెండు గీతలు గీసి, ఏ దేశంలో బండి ఎటు పోతుందో చూపించింది. నాలుగేళ్ల అలవాటు నెలలో పోదని బతిమాలింది. వజ్రమ్మ ఆ గీతల్ని చాలాసేపు చూసింది.

"మా ఎడ్లు సుత గంతే," అంది చివరికి. "వలపట, కుడిదిక్కు అలవాటైన దాన్ని తెచ్చి దాపట, ఎడమదిక్కు కడితె, ఎటు పోవాల్నో దానికి తెల్వదు. మనిషి మాత్రం ఏం జేస్తడు?"

ఆ మాటే వజ్రమ్మ తన మొగుడికి చెప్పింది. అదాలతులో సాయిలు కర్ర మీద నిలబడి, అది కావాలని చేసింది కాదనీ, ఆ మనిషి మీద తనకు కోపం లేదనీ చెప్పాడు. ఇక మీదట జాగ్రత్త అని హెచ్చరించి జీవానందాన్ని వదిలేశారు. బయటికొచ్చాక సాయిలు అతని చెయ్యి పట్టుకున్నాడు. జీవానందం అందరి ముందూ గట్టిగా ఏడ్చాడు.

ఇంటికొచ్చాక ఇక బండి ముట్టనన్నాడు. కూలికైనా పోతానన్నాడు. దేవమణి ఒప్పుకోలేదు. అంత జరిగినా వకీలు సాబు మళ్లీ రమ్మని కబురు పెట్టాడు. అలాంటి దొర ఎక్కడ దొరుకుతాడు? మొగుడు భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. భయం పోవాలంటే మళ్లీ కారెక్కడమే మందు అనుకుంది.

సోమవారం పొద్దున అతను గడపలో ఆగిపోయాడు. ముఖం పాలిపోయి ఉంది.

"దేవమణీ, నీకొక మాట చెప్పాలె."

"వచ్చినంక చెప్దువు. ఎడమ, ఎడమ అని మనసుల అనుకుంట పో. నాలుగు దినాల్ల అదే అలవాటైతది," అంటూ టోపీ చేతికిచ్చి పంపించింది.

అతను వెళ్లిన గంటకు ఐలయ్య అనే మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఖైరతాబాద్‌లో ఉంటాడట. జీవానందంతో పాటు ఇటలీలో ఒకే కంపెనీలో ఉన్నాడట. ఆ కంపెనీలో నాలుగేళ్లు లారీ నడిపాడట. అన్నను చూసిపోదామని వచ్చానన్నాడు. దేవమణి పీట వేసి, మంచినీళ్లిచ్చి, జరిగిందంతా చెప్పుకొచ్చింది. కుడిపక్క అలవాటు ఎంత పని చేసిందో, సాయిలు ఎంత పెద్ద మనసుతో క్షమించాడో చెప్పింది.

ఐలయ్య చెంబు పట్టుకుని వింటున్నాడు. నీళ్లు తాగలేదు. అన్న ఇప్పుడెక్కడ ఉన్నాడని మెల్లగా అడిగాడు.

వకీలు సాబు పిల్లలిద్దరినీ కార్లో ఎక్కించుకుని సికింద్రాబాద్ బడికి పోయాడని చెప్పింది.

ఐలయ్య చెంబు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"వదినా, లారీలు నడిపింది మేము, అన్న మాకు వంట జేసి పెట్టినోడు, నాలుగేండ్లల్ల ఒక్కనాడు సుత స్టీరింగు ముట్టలే."