పిలిస్తే రాకూడదు

రేడియో బామ్మ పులి ముందు నోరు విప్పాల్సిన రోజు రానే వచ్చింది.

ఏడాదిన్నరగా దాని ముందు మూసుకున్న నోరది. అదీ ఎవరి నోరు? వీధి పంపు దగ్గర మొదలుపెడితే బిందె నిండి పొర్లిపోతున్నా ఆగని నోరు. అందుకేగా అందరూ ఆవిడని రేడియో అనేది! అలాంటి మనిషిని అటవీశాఖవాళ్ళు తీసుకెళ్ళి, తల్లి చచ్చిపోయిన పులిపిల్లని సాకే పనిలో పెట్టారు. ఒకటే షరతు. పిల్ల దగ్గర ఒక్క మాటైనా మాట్లాడకూడదు. ఒంటికి చారల కోటు, మొహానికి ముసుగు. మనిషి మొహం, మనిషి గొంతు దానికి అలవాటు కాకూడదు. అలవాటైతే రేపు అడవిలో మనిషి కనబడినా పారిపోదు, ఎదురెళ్తుంది. ఆ మనిషి చేతిలో తుపాకీ ఉంటే ఇంకేముంది?

"మా అత్తయ్యకి నోరు మూసుకునే ఉద్యోగమా!" కోడలు పడీపడీ నవ్వింది. "ఎదురు జీతమిచ్చయినా పంపిస్తాను."

ఆ పిల్ల జాతే వేరు. మామూలు పులికంటే పొట్టి. చారలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. మెడ చుట్టూ జూలు. కాలివేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర, నీళ్ళలో దిగిందంటే చేపే. ఇలాంటివి అడవిలో ఇక మిగిలినవే కాసిని. అందుకే దీన్ని ఎలాగైనా అడవికి చేర్చాలని అందరి తాపత్రయం.

పిల్ల గట్టిదే. పొంచి కూర్చోవడం, పందిని గొంతు దగ్గర పట్టడం, తినగా మిగిలింది ఆకులతో కప్పెట్టడం, అన్నీ తనకు తానే నేర్చుకుంది. కొండకి అవతలివైపు బోనులో కాలు విరిగిన ముసలి మగపులి ఒకటుంది. అది గాండ్రించిన నాడు మాత్రం పిల్ల రోజంతా పొద వదల్లేదు. అడవిలో పరాయి మగపులి కంటబడితే పిల్లలకి చావే. ఆ సంగతి తల్లి చెప్పకపోయినా దాని రక్తానికి తెలుసు.

మనిషి పిలిస్తే వస్తుందేమో చూద్దామని కొత్తవాళ్ళని తెచ్చి పిలిపించారు. పళ్ళు చూపించి పొదలో దూరింది. మళ్ళీ ఇంకొకళ్ళు పిలిచారు. అదే వరస. ఇక మిగిలింది ఒక్క పరీక్ష.

అది అక్కడి పులుల డాక్టరు పట్టుబట్టి పెట్టింది. వానలకి కరెంటు పోయి కెమెరాలన్నీ ఆగిపోయిన వారం ఒకటుంది. సరిగ్గా అప్పుడే పిల్లకి జ్వరం. దాని దగ్గర బామ్మ ఒక్కతే.

"నిజం చెప్పండి బామ్మగారూ. ఆ వారం దాంతో మాట్లాడారా?"

బామ్మ తన చేతులకేసి చూసుకుంది. "నేనా? నోటికి తాళం వేసుకుని కూర్చున్నాను డాక్టరుబాబూ."

"అయితే భయమెందుకు? రేపు ముసుగు తీసేసి, కంచె ఇవతల నిలబడి పిలవండి. అది వచ్చి ముక్కుతో ఫుర్రుఫుర్రుమందా, అయినవాళ్ళని పలకరించినట్టే. ఇక జన్మంతా బోనే. రాలేదా, ఎల్లుండే అడవి."

ఆ సాయంత్రం ఇంట్లో మాటే లేదు. కోడలు హడలిపోయింది.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా? ఇంతసేపు ఊరికే కూర్చున్నారు!"

"రేపటికి దాచుకుంటున్నానే."

తెల్లారి కోడలు పొయ్యి వెలిగించేలోపే బామ్మ శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది.

పిల్ల ఉండే కంచె దగ్గరికి చేరేసరికి కాపలావాడు ముక్కు ఎగబీల్చాడు.

"ఏం వండుకొచ్చావు పెద్దమ్మా? అన్నం ఘుమఘుమలాడిపోతోంది! నాకో ముద్ద పెట్టవూ?"

"నీకెప్పుడూ తిండి గోలే. తప్పుకోరా."

డాక్టరు, ఆయన మనుషులు దూరంగా గదిలో కెమెరా తెరల ముందు కూర్చున్నారు. బామ్మ కంచె దగ్గరికి వెళ్ళింది. ముసుగు తీసింది. శాలువా భుజాల మీద సర్దుకుంది. నోరు తెరిచింది.

"చిట్టితల్లీ... రా అమ్మా!"

గడ్డి కదిలింది.

ముందు చెవులు. తర్వాత తల. పిల్ల బయటికి వచ్చింది. తోక పైకెత్తింది. తిన్నగా బామ్మ వైపే నడిచింది.

గదిలో డాక్టరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "అయిపోయింది," అన్నాడు నీరసంగా. "గుర్తుపట్టేసింది."

బామ్మ కదల్లేదు. పిల్ల ఇంకా దగ్గరికి వచ్చింది. పరుగందుకుంది.

గాలి బామ్మ వీపు మీదుగా కంచె వైపు వీచింది.

పిల్ల ఆగింది. ముక్కు పైకెత్తింది. పైపెదవి ముడుచుకుని నోరు తెరిచింది. చెవులు తలకి అంటుకుపోయాయి. పొట్ట నేలకి ఆనించి వెనక్కి, వెనక్కి జరిగింది.

"రా అమ్మా! నేనే! నేనేనే తల్లీ!" బామ్మ గొంతు చించుకుంది.

పిల్ల ఒక్కసారి గుర్రుమని, పొదలోకి దూకి మాయమైపోయింది. ఎంత పిలిచినా ఆకు కదల్లేదు.

మైకులో డాక్టరు అరిచాడు. "నెగ్గింది బామ్మగారూ! మీరు పిలిచినా రాలేదు! ఎల్లుండే ప్రయాణం!"

చప్పట్లు వినబడ్డాయి. బామ్మ ఉన్నచోటే కూలబడింది. శాలువా అంచు చేతికి అందుతున్నా, అరచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏడుస్తావేం పెద్దమ్మా? పెంచిన చెయ్యిని మర్చిపోయిందనా? పోనీలే, అడవికి పోతోందిగా. ఆ క్యారేజీ విప్పు, ఇద్దరం తిందాం. ఇంతకీ ఎక్కడ పెట్టావు?"

మగపులి తన హద్దు చాటుకోవడానికి చిమ్మే నీళ్ళు అచ్చం అప్పుడే వార్చిన అన్నంలా ఘుమఘుమలాడతాయనీ, పొద్దున్నే కొండ అవతలికి వెళ్ళి ముసలిపులి బోను గోడకి శాలువా అద్దుకుని వచ్చాననీ బామ్మ వాడికి చెప్పలేదు.