సగటు మనుషులు

ఎమరీని గుంపులోంచి తీసెయ్యాలని బ్రైస్ తీర్మానించాడు. ఆ సమయానికి అతని నోట్లో ఉన్నది ఎమరీ భార్య పంపిన యాపిల్ పై.

"స్నేహం వేరు, లెక్క వేరు," అన్నాడు వేళ్లు నాక్కుంటూ.

డారెల్ తలూపాడు. డారెల్ తన తలని ఎప్పుడూ ఆ ఒక్క పనికే వాడేవాడు.

ముగ్గురిదీ నెబ్రాస్కాలో ఒకే ఊరు. కోరికా ఒకటే. పక్క రాష్ట్రం వయోమింగ్ కొండల్లో ఒక్కసారైనా ఎల్క్‌ని వేటాడాలి. ఆ పెద్ద దుప్పిని కొట్టాలంటే తుపాకీ ఉంటే చాలదు, ప్రభుత్వం డ్రా తీసి ఇచ్చే ట్యాగ్, అంటే అనుమతి చీటీ, ఉండాలి. దరఖాస్తు పెట్టీ తగలని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు ఇస్తారు. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకి ముందు. తగిలిందా, ఉన్నవన్నీ సున్నా. గుంపుగా పెడితే అందరి పాయింట్లకీ సగటు కడతారు. వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఒక్కరికీ రాదు.

ఎమరీ పాయింట్లు మిగతా ఇద్దరికంటే తక్కువ. రెండుసార్లు గడువు దాటబెట్టాడు మరి. ఒక ఏడాది బ్రైస్ కుడి మోకాలికి ఆపరేషన్. మరుసటి ఏడాది ఎడమ మోకాలికి. రెండుసార్లూ ఆసుపత్రి చుట్టూ కారు తోలింది ఎమరీయే. అలా బాధ్యత లేకుండా తిరిగేవాడి వల్ల సగటు పడిపోతుంటే బ్రైస్ లాంటి పద్ధతైన మనిషి ఎన్నాళ్లని భరిస్తాడు?

ఫోన్ చేసి చెప్పేశాడు. "ఏమీ అనుకోకురా. మళ్లీ ఏడాది చూద్దాం."



"మోకాళ్లెలా ఉన్నాయి?" అన్నాడు ఎమరీ.

"బంగారంలా ఉన్నాయి!"

"అయితే కొండెక్కగలవులే," అని పెట్టేశాడు.

ఎమరీ బదులుగా బ్రైస్ కన్ను పడింది వెర్లిన్ మీద. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాయన. భార్య పోయాక ఆయన్ని పలకరించినవాళ్లు ఊళ్లో లేరు, బ్రైస్‌తో సహా. కానీ ఇరవై ఏళ్లకి పైగా ఎల్క్ ట్యాగ్‌కి ఆయన దరఖాస్తు పెడుతున్నాడని దాణా కొట్లో ఎవరో అన్నారు. ఆ క్షణంలో బ్రైస్ గుండెలో ఆ పెద్దాయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ వెళ్లి తలుపు తట్టారు.

"వెర్లిన్‌గారూ, ఇరవై ఏళ్లకి పైగా పెడుతున్నారటగా. నిజమేనా?"

"నిజమే. ఒక్క ఏడాదీ మానలేదు."

"ఈసారి మాతో కలిసి పెట్టండి."

ఆయన నవ్వాడు. "నాకిప్పుడు అంత ఆత్రమేం లేదయ్యా. అయినా నన్ను కలుపుకుంటే మీకు ఒరిగేదేముంది?"

"చూశావా, ఎంత వినయమో!" అన్నాడు బ్రైస్, డారెల్ చెవిలో.

డారెల్ తలూపాడు.

ఆ చలికాలమంతా బ్రైస్ ఆయన వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. సొంత వాకిట్లో భార్య ఎత్తిపోసుకుంది. డారెల్ ఆయన కోళ్ల గూటికి కొత్త కప్పు వేశాడు. వెర్లిన్ వాళ్లకి వేడివేడి కాఫీ పోసి, పోయిన భార్య కబుర్లు చెప్పేవాడు. ఇద్దరూ కళ్లొత్తుకుంటూ వినేవారు. లోపల మాత్రం కూడిక, భాగహారం నడుస్తుండేవి.

"మీరింతగా అడుగుతుంటే కాదనడమెందుకు," అన్నాడాయన చివరికి. పైగా నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరికారని సంబరపడ్డాడు కూడా.

బయటి రాష్ట్రంవాళ్లు ఆ అడవిలోకి గైడ్ లేకుండా వెళ్లకూడదు. అందుకని గుర్రాలు, గుడారాలు, గైడు అన్నీ కుదిర్చే లీలండ్‌కి బ్రైస్ ఫోన్ చేశాడు.

"ఎమరీ లేడు. వెర్లిన్‌గారని పెద్దాయన వస్తున్నారు. మంచి గుర్రాలు చూసి పెట్టు."

"ఎమరీ ఎందుకు లేడు? మంచి మనిషి కదా."

"మంచితనానికి పాయింట్లివ్వరు."

"ఈ పెద్దాయనకి ఎన్నున్నాయో కనుక్కున్నారా?"

"ఇరవైకి పైమాటే. లెక్కలు నాకొదిలెయ్. నువ్వు గుర్రాలకి మేత చూసుకో."

ఫలితాలొచ్చే రోజు పొద్దున్నే బ్రైస్ కొత్త వేట బూట్లు తొడుక్కుని మరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పక్కన డారెల్. పేజీ తెరుచుకుంది.

రాలేదు.

బ్రైస్ మళ్లీ తెరిచాడు. మళ్లీ రాలేదు. లీలండ్‌కి ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

"ఇదేం అన్యాయమయ్యా!"

"అన్యాయమేముంది? ఈసారి తక్కువ పాయింట్లకే వచ్చింది. ఎమరీ ఉండుంటే మీ పాత సగటుకి వచ్చేసేది. ఇప్పుడు మీ సగటు అందులో మూడింట రెండొంతులకి కాస్త ఎక్కువ, అంతే."

"అంత ఎలా పడిపోతుంది? వెర్లిన్ ఉన్నాడుగా!"

'గారు' అప్పుడే ఎటో వెళ్లిపోయింది.

"ఆ సంగతి ఆయన్నే అడగండి," అన్నాడు లీలండ్.

బ్రైస్ వెంటనే వెర్లిన్‌కి ఫోన్ కలిపాడు. డారెల్ కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"ఏంటండీ ఇది? ఇరవై ఏళ్లకి పైగా పెడుతున్నానని మీ నోటితో మీరే అన్నారు కదా!"

వెర్లిన్ తాపీగా గొంతు సవరించుకున్నాడు.

"ఏటా పెట్టారా అంటే పెట్టానన్నాను, పోయినేడు నాకు ట్యాగ్ తగిలిన సంగతి మీరు అడిగితేగా చెప్పడానికి!"